తలుపులు లేని తోరణాలు
లినక్స్ కెర్నల్‌లో తొలి డివైస్ డ్రైవర్ రాయడం ఎక్కడ మొదలవుతుంది, అక్కడ ఏ జాగ్రత్తలు కావాలి

సి భాషలో రాసిన ఒక మామూలు ప్రోగ్రాము తనది కాని మెమరీ చిరునామాను ముట్టుకుంటే, లినక్స్ ఆ ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపివేసి, తెరమీద ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అన్న మాట చూపి ఊరుకుంటుంది. పక్కన మోగుతున్న పాట ఆగదు, తెరిచి ఉన్న బ్రౌజర్ మూతపడదు. అదే పొరపాటును, అదే భాషలో, అదే ప్రాసెసర్ మీద, కెర్నల్ లోపల పనిచేసే డ్రైవర్‌లో చేస్తే మాత్రం పాట, బ్రౌజర్, మౌస్ బాణం అన్నీ కలిసి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. చేసిన తప్పు ఒకటే అయినప్పుడు శిక్షలు రెండెందుకయ్యాయన్నది ఇంజనీరింగ్ కళాశాలలో ఆపరేటింగ్ సిస్టమ్ పాఠం విన్న ప్రతి విద్యార్థికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కుముడి. దీని జవాబు తెలిసినవారికి డ్రైవర్ రాసే పద్ధతిలోని సగం నియమాలు కంఠస్థం చేయకుండానే అర్థమవుతాయి. వరంగల్ పాఠకులకు ఆ జవాబును వివరించడానికి ఊళ్ళోని కోట కంటే మంచి ఉపమానం దొరకదు.

## మట్టికోట, రాతికోట

ఖిలా వరంగల్ అమరికలో వెలుపల విశాలమైన మట్టికోట, దాని లోపల గణపతిదేవుని కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో ఎత్తు పెరిగిన రాతికోట, వాటిని చుట్టిన అగడ్తలు కనిపిస్తాయి. రాతికోటకు నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలున్నాయి గానీ, వాటిలోంచి ఎవరూ తిన్నగా లోపలికి దూసుకుపోలేరు. దారి ద్వారం దగ్గర మలుపు తిరిగి సాగుతుంది కాబట్టి, వచ్చినవారు వేగం తగ్గించి, కావలివారి కళ్ళముందు నుంచి నడవవలసిందే. ఆ మలుపు దాటి కోట నడిబొడ్డుకు చేరితే, స్వయంభూ శివాలయ ప్రాంగణానికి నాలుగు వైపులా నిలిచిన కీర్తితోరణాలు ఎదురవుతాయి; వాటికి తలుపులు లేవు. అక్కడిదాకా వచ్చినవారిని మళ్ళీ ఆపి ప్రశ్నించే ఏర్పాటేదీ ఆ తోరణాల్లో కనిపించదు.

లినక్స్ నడుస్తున్న కంప్యూటర్‌లో మెమరీ కూడా ఇలాగే విభజన పొంది ఉంటుంది. బ్రౌజర్లు, ఆటలు, విద్యార్థులు రాసే ప్రోగ్రాములు అన్నీ మట్టికోట ఆవరణలో, అంటే ‘యూజర్ స్పేస్’ అనే ప్రాంతంలో నడుస్తాయి. మెమరీని పంచిపెట్టడం, ఏ ప్రోగ్రాముకు ఎంతసేపు ప్రాసెసర్ ఇవ్వాలో నిర్ణయించడం, పరికరాలతో మాట్లాడడం వంటి రాచకార్యాలు రాతికోటలో, అంటే ‘కెర్నల్ స్పేస్’లో జరుగుతాయి. ఈ గోడను కాపాడేది ప్రాసెసరే. ఇంటెల్ తరహా ప్రాసెసర్లు 0 నుంచి 3 వరకు నాలుగు అధికార స్థాయులను ఇస్తే, లినక్స్ వాటిలో రెంటినే వాడుకుంటుంది: కెర్నల్‌కు 0, మామూలు ప్రోగ్రాములకు 3. మూడో స్థాయిలోని ప్రోగ్రాము తన హద్దు దాటి చేయి చాపితే ప్రాసెసర్ పని ఆపి కెర్నల్‌కు ఫిర్యాదు చేస్తుంది. కెర్నల్ ఆ ప్రోగ్రామును తొలగించి మిగిలినవాటిని కాపాడుతుంది.

బయటి ప్రోగ్రాముకు డిస్కులోని ఫైలు కావలసి వచ్చినప్పుడు అది ‘సిస్టమ్ కాల్’ అనే ద్వారం దగ్గర నిలబడి అడగాలి. అడిగినవారెవరు, వారికి అనుమతి ఉందా, ఇచ్చిన చిరునామా వారిదేనా అన్న విచారణ ఆ మలుపులోనే జరుగుతుంది. డ్రైవర్ మాత్రం పుట్టుకతోనే రాతికోట లోపలి మనిషి. దాని చుట్టూ ఉన్నవన్నీ తలుపులు లేని తోరణాలే కాబట్టి, అది ఒక తప్పుడు చిరునామాలో రాస్తే, ఆ చోట ఫైల్ సిస్టమ్ లెక్కలున్నా, నెట్‌వర్క్ పట్టికలున్నా చెరిగిపోతాయి. ఒకే తప్పుకు రెండు శిక్షలు పడడానికి కారణం ఇదే: మొదటి తప్పును పట్టుకోవడానికి దానికంటే పై అధికారి ఉన్నాడు, రెండో తప్పు చేసింది ఆ అధికారి ఇంట్లోనే.

> ముందుగా తెలియవలసిన నాలుగు మాటలు
>
> కెర్నల్: ఆపరేటింగ్ సిస్టమ్‌లో పూర్తి అధికారంతో నడిచే నడిమి భాగం. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ పేరుతో మొదలుపెట్టినది నిజానికి ఈ ఒక్క భాగాన్నే.
>
> డ్రైవర్: ఒక పరికరం భాషను కెర్నల్ భాషలోకీ, కెర్నల్ భాషను పరికరం భాషలోకీ మార్చే కెర్నల్ భాగం.
>
> మాడ్యూల్: కంప్యూటర్‌ను ఆపకుండానే, నడుస్తున్న కెర్నల్‌లోకి ఎక్కించి, అక్కర తీరాక దించగలిగే కోడ్ ముక్క. చాలా డ్రైవర్లు ఈ రూపంలోనే ఉంటాయి.
>
> డివైస్ ఫైల్: ‘డెవ్’ అనే డైరెక్టరీలో ఫైలులా కనిపిస్తూ, తెరిస్తే నేరుగా ఒక డ్రైవర్ దగ్గరికి తీసుకుపోయే పేరు.

## దుబాసీ ఉద్యోగం

డ్రైవర్ అనగానే తెలుగువారికి బస్సో లారీయో నడిపే మనిషి గుర్తుకొస్తాడు గానీ, కంప్యూటర్‌లో దాని ఉద్యోగం పాతకాలపు దుబాసీ ఉద్యోగానికి దగ్గరగా ఉంటుంది. దానికి ఒకవైపున తెరువు, చదువు, రాయి, మూయి అనే కొద్దిపాటి క్రియలతో సరిపెట్టుకునే కెర్నల్ ఉంటే, రెండోవైపున ఫలానా రిజిస్టర్‌లో ఫలానా బిట్టు పెడితేనే కదిలే పరికరం ఉంటుంది. రిజిస్టర్ అంటే పరికరం లోపలే ఉండి, దానికి ఆజ్ఞలూ దాని స్థితిగతులూ అందించే చిన్న అంకెల గడి. దుబాసీ మధ్యలో ఉన్నందువల్ల ప్రోగ్రాము రాసేవారు ఏ కంపెనీ కీబోర్డు, ఏ కంపెనీ డిస్కు అన్న విచారం లేకుండా ఒకే రకంగా రాసుకోగలుగుతారు.

దుబాసీ తన హద్దు ఎంతవరకో కూడా తెలిసి ఉండాలి. కీబోర్డు మీద ఇంగ్లీషు హెచ్ అక్షరం ఉన్న మీటను నొక్కినప్పుడు, లినక్స్‌లో ఇన్‌పుట్ డ్రైవర్ల వరుస పైకి పంపేది 35 అనే అంకెను మాత్రమే. ఆ అంకె తెరమీద హెచ్‌గా మారాలా, ఇన్‌స్క్రిప్ట్ అమరిక ప్రకారం ‘ప’గా మారాలా అన్నది కోట బయట ఉన్న కీబోర్డు లేఅవుట్ నిర్ణయిస్తుంది. కంప్యూటర్‌ను తెలుగులో వాడుకునేలా చేయడానికి స్వేచ్ఛ వంటి సంస్థలు చేసిన పని ఈ బయటి ఆవరణకు చెందినది. ఏది చేయడం సాధ్యమో చూపడం డ్రైవర్ వంతు, ఎలా వాడుకోవాలో తేల్చడం బయటివారి వంతు అన్న ఈ పనివిభజనను కెర్నల్ రచయితలు మొదటినుంచీ గట్టిగా పాటిస్తున్నారు. కొత్తగా రాసేవారు తరచుగా పడే ఆశ కూడా బయట చేయదగిన పనిని లోపలికి లాక్కురావడమే.

లినక్స్ డ్రైవర్లను స్థూలంగా మూడు తెగలుగా చెబుతారు. కీబోర్డు, సీరియల్ పోర్టు వంటివాటిలా బైట్లను వరుసగా అందించేవి క్యారెక్టర్ డ్రైవర్లు. డిస్కులలా ముక్కలు ముక్కలుగా ఎక్కడినుంచైనా చదవనిచ్చేవి బ్లాక్ డ్రైవర్లు. డెవ్ డైరెక్టరీలో పేరు కూడా లేకుండా పొట్లాలను అటూ ఇటూ చేరవేసేవి నెట్‌వర్క్ డ్రైవర్లు. మొదటి తెగ అన్నిటికంటే సులువైనది కాబట్టి విద్యాభ్యాసం అక్కడే మొదలవుతుంది.

## అన్నిటికంటే సోమరి డ్రైవర్

లినక్స్‌లో డెవ్ డైరెక్టరీని వివరంగా జాబితా వేయిస్తే, అందులో ‘నల్’ అనే పేరున్న వరుస మొదట్లో సి అనే అక్షరం, ఫైలు పరిమాణం ఉండవలసిన చోట 1, 3 అనే రెండంకెలు కనిపిస్తాయి. సి అంటే ఇది క్యారెక్టర్ పరికరం అని అర్థం. మొదటి అంకె, అంటే ‘మేజర్ నంబర్’, ఏ డ్రైవర్‌ను పిలవాలో చెబితే, రెండోది, అంటే ‘మైనర్ నంబర్’, ఆ డ్రైవర్ చూసుకునే పరికరాల్లో ఇది ఎన్నోదో చెబుతుంది. ఒక అపార్ట్‌మెంట్ నంబరు, అందులో ఫ్లాట్ నంబరు లాంటి ఏర్పాటు. పోస్టుమనిషికి ఇంటి యజమాని పేరుతో పని లేనట్లే, కెర్నల్‌కూ డెవ్ డైరెక్టరీలోని పేరుతో పని లేదు, ఈ రెండంకెలు చాలు.

నల్‌లో ఏమి రాసినా మాయమవుతుందని, అందులోంచి చదివితే ఏమీ రాదని లినక్స్ వాడేవారందరికీ తెలుసు. ఆ మాయ వెనక ఉన్న కోడ్ గుప్పెడు వరుసలే. ఎవరైనా చదవడానికి వస్తే అది సున్నా అని జవాబిస్తుంది. చదివేవారి భాషలో సున్నా అంటే ‘ఇక అయిపోయింది’ అని. ఎవరైనా వెయ్యి బైట్లు రాయడానికి తెస్తే అది వాటిని కన్నెత్తి చూడకుండానే వెయ్యి అని జవాబిస్తుంది. రాసేవారి భాషలో దానికి ‘మీరు తెచ్చిన వెయ్యీ అందాయి’ అని అర్థం. ఏ హార్డ్‌వేరునూ ముట్టుకోని ఈ సోమరి డ్రైవర్‌లో గొప్ప పాఠం ఉంది: డ్రైవర్‌కూ బయటి ప్రపంచానికీ మధ్య ఒప్పందమంతా తిరిగి ఇచ్చే అంకెలోనే ఉంటుంది. సున్నా కంటే పెద్ద అంకె జరిగిన పని పరిమాణాన్ని, సున్నా ముగింపును, రుణసంఖ్య తప్పిదాన్ని తెలుపుతాయి.

## ‘ఓరుగల్లు’ అనే కల్పిత పరికరం

తెరిచి చదివినవారికి ‘ఓరుగల్లు’ అన్న మాటను మాత్రమే ఇచ్చే ఒక పరికరాన్ని ఊహించుకుంటే, దానికి డ్రైవర్ రాయడానికి విద్యార్థి వేయవలసిన అడుగులు అయిదు.

మొదటి అడుగు ఖాళీ మాడ్యూల్. లోపలికి ఎక్కినప్పుడు కెర్నల్ పిలిచే ఒక ఫంక్షన్, దిగేటప్పుడు పిలిచే మరొక ఫంక్షన్, లైసెన్సు ఏమిటో చెప్పే ఒక వరుస ఉంటే మాడ్యూల్ సిద్ధమైనట్లే. లైసెన్సు వరుస కేవలం మర్యాద కోసం పెట్టింది కాదు. అది కెర్నల్ సొంత లైసెన్సైన జీపీఎల్‌కు అనుకూలమని ప్రకటించని మాడ్యూల్‌కు కెర్నల్ తన సేవల్లో కొన్నిటిని నిరాకరిస్తుంది, పైగా ఎక్కించుకున్నాక తనను తాను ‘కళంకితం’గా గుర్తు పెట్టుకుంటుంది. ఈ కోడ్‌ను కంపైల్ చేయాలంటే అప్పుడు నడుస్తున్న కెర్నల్ వెర్షన్‌కు సరిగ్గా సరిపోయే హెడర్ ఫైళ్ళు కావాలి. తయారైన ఫైలును ‘ఇన్‌స్‌మాడ్’ ఆజ్ఞతో ఎక్కించి, ‘ఆర్‌ఎంమాడ్’ ఆజ్ఞతో దించుతారు.

రెండో అడుగు సాక్ష్యం సంపాదించడం. కెర్నల్ లోపల సి భాష గ్రంథాలయం ఉండదు కాబట్టి అందరికీ అలవాటైన ప్రింట్‌ఎఫ్ అక్కడ దొరకదు. దాని స్థానంలో ‘ప్రింట్‌కే’ ఉంటుంది. అది రాసిన మాట తెరమీదికి కాకుండా కెర్నల్ చిట్టాలోకి పోతుంది, ‘డీమెసేజ్’ అనే ఆజ్ఞతో ఆ చిట్టాను తిరగేసుకోవచ్చు. యంత్రమే కుప్పకూలేంత ప్రమాదం నుంచి డీబగ్గింగ్ కబుర్ల వరకు ప్రింట్‌కేకు 0 నుంచి 7 దాకా ఎనిమిది తీవ్రతలున్నాయి.

మూడో అడుగు చిరునామా పొందడం. ఫలానా మేజర్ నంబరే కావాలని పట్టుపట్టకుండా, ఖాళీగా ఉన్నదేదో ఒకటి ఇమ్మని కెర్నల్‌నే అడగడం నేటి మర్యాద. నంబరు దొరికాక డ్రైవర్ తన పరికరం పేరును ప్రకటిస్తే, డెవ్ డైరెక్టరీలో ఆ పేరు దానంతటదే వెలుస్తుంది.

నాలుగో అడుగులో రాతికోట నాలుగు ద్వారాలు మళ్ళీ గుర్తుకు వస్తాయి. డ్రైవర్ ఒక పట్టికను కెర్నల్‌కు సమర్పిస్తుంది: ఎవరైనా పరికరాన్ని తెరిస్తే ఈ ఫంక్షన్‌ను, చదివితే దీన్ని, రాస్తే దీన్ని, మూస్తే దీన్ని పిలవమని. ఆ పట్టికలో గడులు ఇంకా చాలా ఉన్నా, తొలి డ్రైవర్‌కు ఈ నాలుగూ చాలు. ‘ఓరుగల్లు’కు నిజానికి చదివే ద్వారం ఒక్కటే తప్పనిసరి.

అయిదో అడుగు ఆ చదివే ఫంక్షన్‌ను రాయడం. అసలు కథ ఇక్కడుంది. దీనికి కెర్నల్ నాలుగు వస్తువులను అందిస్తుంది: తెరిచిన ఫైలు వివరం, సమాచారాన్ని పెట్టవలసిన బయటి చిరునామా, ఎన్ని బైట్లు కావాలన్న కోరిక, ఇంతకుముందు ఎంతవరకు చదివారన్న గుర్తు. చివరి వస్తువును నిర్లక్ష్యం చేయడం ఈ విద్యలో దాదాపు అందరూ చేసే మొదటి తప్పు. అడిగినప్పుడల్లా మొదటినుంచీ ‘ఓరుగల్లు’ అని ఇస్తూ పోతే, ‘క్యాట్’ ఆజ్ఞతో చదివేవారికి సున్నా ఎన్నడూ అందదు. సున్నా వచ్చేవరకు అడుగుతూనే ఉండడం క్యాట్ స్వభావం కాబట్టి తెరంతా ఓరుగల్లు ఓరుగల్లు అంటూ ఆగకుండా పారుతుంది. ఇచ్చిన ప్రతిసారీ గుర్తును ముందుకు జరిపి, సరుకు అయిపోయాక సున్నా ఇవ్వడమే దీనికి మందు.

> 25 బైట్ల లెక్క
>
> యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ప్రతిదీ 3 బైట్లు తీసుకుంటుంది. ‘ఓరుగల్లు’లో ఓ, ర, ఉకారం, గ, ల, పొల్లు, ల, ఉకారం అనే 8 గుర్తులున్నాయి కాబట్టి 24 బైట్లు, పంక్తి ముగింపుతో కలిపి 25.
>
> ‘డీడీ’ ఆజ్ఞతో ఒక్కోసారికి 10 బైట్ల చొప్పున చదివిస్తే డ్రైవర్ వరుసగా 10, 10, 5, 0 అని జవాబివ్వాలి. మొదటి 10 బైట్లలో ఓ, ర, ఉకారం పూర్తిగా వచ్చి, ‘గ’ మూడు ముక్కలై అందులో మొదటిది మాత్రమే వస్తుంది. రెండో విడతలో ‘గ’ మిగతా రెండు ముక్కలు, ల, పొల్లు, రెండో ‘ల’లో రెండు ముక్కలు వస్తాయి. చివరి 5 బైట్లలో మిగిలిన ముక్క, ఉకారం, పంక్తి ముగింపు ఉంటాయి.
>
> అక్షరం మధ్యలో తెగిందని డ్రైవర్‌కు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. బైట్లు వరుస తప్పకపోతే బయట తెర చూపేవారు వాటిని తిరిగి అతుకుతారు. చివర్లో డీడీ ‘2+1’ అని లెక్క చెబుతుంది: రెండు నిండు విడతలు, ఒక వెలితి విడత.
>
> తెలుగు టెర్మినల్ విండోలో కనిపించినా, లినక్స్ మూల కన్సోల్‌లో కనిపించదు; అక్కడి ఫాంటులో గరిష్ఠంగా 512 ఆకారాలకే చోటుంది, ఒత్తులను కూర్చే ఏర్పాటూ లేదు.

## ద్వారం దగ్గరి మలుపు

బయటి ప్రోగ్రాము ఇచ్చిన చిరునామాలో డ్రైవర్ నేరుగా రాయకూడదు. ఆ చిరునామా అసలు లేనిదే కావచ్చు; ఉన్నా ఆ మెమరీ పేజీ ఆ క్షణంలో ర్యామ్‌లో లేకపోవచ్చు; దురుద్దేశంతో ఎవరైనా కెర్నల్ సొంత చిరునామానే ఇచ్చి, డ్రైవర్ చేతితోనే కోటకు కన్నం వేయించవచ్చు. అందుకే ‘కాపీ టు యూజర్’, ‘కాపీ ఫ్రమ్ యూజర్’ అనే రెండు ఫంక్షన్ల ద్వారానే సరుకు అటూ ఇటూ పోవాలి. కోట ద్వారంలోని మలుపులాగా అవి చిరునామాను పరీక్షించి, అవసరమైతే ఆగి, ఏదైనా తేడా వస్తే యంత్రాన్ని పడగొట్టకుండా ఎన్ని బైట్లు మిగిలిపోయాయో చెబుతాయి. మిగులు ఉంటే డ్రైవర్ మైనస్ 14 అనే అంకెను తిరిగి ఇస్తుంది. తెరమీద అది ‘తప్పుడు చిరునామా’ అన్న సందేశమవుతుంది.

రాసే ద్వారం దగ్గర ఇంకొక విచారణ అవసరం. డ్రైవర్ తన దగ్గర 100 బైట్ల చోటే పెట్టుకున్నప్పుడు బయటివారు వెయ్యి తెస్తే, వందే తీసుకుని వంద అని జవాబివ్వాలి తప్ప, మొహమాటానికి పోయి అంతా దించుకోకూడదు. వంద కిలోల గోనెలో వెయ్యి కిలోల మిర్చి కూరితే గోనె చిరిగి పక్కవారి రాశిలో కలిసినట్లు, మిగిలిన తొమ్మిది వందలూ పక్కనున్న మరెవరి మెమరీలోకో పొంగిపోతాయి. కంప్యూటర్లలోకి అక్రమంగా చొరబడే దారుల్లో ఈ పొంగు చాలా పాతది.

## ఎక్కిన మెట్లే దిగాలి

మామూలు ప్రోగ్రాము ముగిసినప్పుడు అది తీసుకున్న మెమరీని, తెరిచిన ఫైళ్ళను ఆపరేటింగ్ సిస్టమ్ వెనకే వచ్చి సర్దుతుంది. డ్రైవర్ వెనక సర్దేవారు లేరు. తీసుకున్న నంబరు, తెరిచిన పట్టిక, కేటాయించుకున్న మెమరీ అన్నీ తానే, తీసుకున్న క్రమానికి సరిగ్గా ఎదురు క్రమంలో, వదిలిపెట్టాలి. పెళ్ళి పందిరి విప్పేటప్పుడు రాటలకంటే ముందు పైకప్పు దించినట్లు. ఎక్కించే ఫంక్షన్ మూడో మెట్టులో విఫలమైనా, ఎక్కిన రెండు మెట్లనూ దిగి, తప్పిదపు అంకెతో వెనుదిరగాలి. పాఠశాల పుస్తకాలు చీదరించుకునే ‘గోటూ’ వాక్యాన్ని కెర్నల్ రచయితలు ఆదరించేది ఈ సందర్భంలోనే. చివర్లో దిగే మెట్లను వరుసగా పేర్చి, ఎక్కడ విఫలమైతే అక్కడి మెట్టుకు దూకడానికి అంతకంటే స్పష్టమైన పద్ధతి సి భాషలో లేదు.

మరొక సూక్ష్మం ఉంది. ఒక ప్రోగ్రాము పరికరాన్ని తెరిచి ఉంచినప్పుడు ఎవరైనా మాడ్యూల్‌ను దించేస్తే, ఆ ప్రోగ్రాము తరువాతి పిలుపు ఖాళీ స్థలానికి పోతుంది. పట్టికలో ‘యజమాని ఈ మాడ్యూలే’ అని ఒక గడి నింపితే, కెర్నల్ లోపల ఎందరున్నారో లెక్క పెట్టుకుని, అందరూ వెళ్ళేదాకా దించనివ్వదు.

## లోపలివారి కట్టుబాట్లు

కెర్నల్ లోపల చోటు ఇరుకు. మామూలు ప్రోగ్రాముకు స్టాక్ సాధారణంగా 8 మెగాబైట్ల వరకు పెరగగలిగితే, 64 బిట్ల ఇంటెల్ తరహా యంత్రాల్లో కెర్నల్ స్టాక్ 16 కిలోబైట్లే. ఫంక్షన్ లోపల పెద్ద అర్రే ప్రకటించడం అక్కడ ఆత్మహత్యాసదృశం. దశాంశ సంఖ్యల గణితం కూడా మామూలుగా చేయకూడదు, ఎందుకంటే ఆ రిజిస్టర్లలో బయటి ప్రోగ్రాము లెక్కలు ఉండిపోయి ఉంటాయి, కెర్నల్ వాటిని ప్రతిసారీ భద్రపరచదు.

ఇరుకు కంటే కష్టమైనది రద్దీ. ఒకే డ్రైవర్‌ను ఒకే క్షణంలో రెండు ప్రోగ్రాములు రెండు ప్రాసెసర్ కోర్ల మీద నుంచి పిలవవచ్చు. ఎనుమాముల మార్కెట్‌లో ఒకే కాంటా మీద ఇద్దరు రైతుల బస్తాలు ఒకేసారి పెడితే ఇద్దరి తూకమూ తప్పినట్లు, ఇద్దరూ ఒకే గుర్తును మారిస్తే లెక్క చెడుతుంది. కాంటా ఖాళీ అయ్యేదాకా పక్కన కూర్చుని కునుకు తీసే ఏర్పాటు ‘మ్యూటెక్స్’. కదలకుండా కాంటా ముందే నిలబడి ఉండే ఏర్పాటు ‘స్పిన్‌లాక్’. పని కొంత సేపు పట్టేటప్పుడు మొదటిది, రెప్పపాటులో ముగిసేటప్పుడు రెండోది ఎన్నుకోవాలి.

నిజమైన పరికరాలు వచ్చేసరికి ‘ఇంటరప్ట్’ తోడవుతుంది. రైతు నిమిషానికోసారి వెళ్ళి తన లాటు వేలానికి వచ్చిందా అని అడగకుండా, మైకులో పేరు వినబడే వరకు తన పని తాను చూసుకున్నట్లే, పరికరం పిలిచినప్పుడే డ్రైవర్ పలికే ఏర్పాటిది. పిలుపు వచ్చినప్పుడు ప్రాసెసర్ చేస్తున్న పనిని వదిలి వస్తుంది కాబట్టి, అక్కడ కునుకు తీసే ఏ పనీ, మ్యూటెక్స్ కోసం వేచి ఉండడం సహా, నిషిద్ధం. అవసరమైన రెండు మాటలు రాసుకుని, మిగతా బరువును తరువాతి వేళకు అప్పగించి వెళ్ళాలి.

## సాధన ఎక్కడ, ఎలా

ఇంత ప్రమాదమున్న విద్యను సొంత ల్యాప్‌టాప్ మీద నేర్చుకోనక్కరలేదు. ‘క్యూఈఎంయూ’ వంటి వర్చువల్ మెషీన్‌లో మరో లినక్స్‌ను నడిపి, అందులో మాడ్యూల్‌ను ఎక్కిస్తే, కుప్పకూలేది కంప్యూటర్ లోపలి బొమ్మ కంప్యూటరే. తప్పు జరిగినప్పుడు కెర్నల్ చిట్టాలో ‘ఊప్స్’ అనే పేరుతో వచ్చే పొడవైన నివేదికను భయపడకుండా చదవడం నేర్చుకోవాలి. తప్పిన చిరునామా, ఆ క్షణంలో నడుస్తున్న ఫంక్షన్, దాన్ని పిలిచినవారి వంశక్రమం అందులో ఉంటాయి. తరువాతి దశలో రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద ఒక ఎల్ఈడీని వెలిగించే, ఒక మీటను చదివే డ్రైవర్ రాస్తే, అంకెలు వెలుగుగా మారడం కంటికి కనిపిస్తుంది.

పుస్తకాల్లో జోనాథన్ కార్బెట్, అలెస్సాండ్రో రుబిని, గ్రెగ్ క్రోహా-హార్ట్‌మన్ రాసిన ‘లినక్స్ డివైస్ డ్రైవర్స్’ మూడో ముద్రణ 2005లో వచ్చింది, ఉచితంగానే దొరుకుతుంది. అందులోని ఆలోచన ఇప్పటికీ గట్టిదే గానీ, కోడ్ ఇప్పటి కెర్నల్‌లో యథాతథంగా కంపైల్ కాదు. కెర్నల్ బయటివారికి ఇచ్చిన సిస్టమ్ కాల్ మాటను నిలబెట్టుకుంటుంది కానీ, లోపలి ఫంక్షన్లు మారవని ఎవరికీ హామీ ఇవ్వదు; పరికరపు తరగతిని సృష్టించే ఫంక్షన్‌కు ఏళ్ళుగా ఉన్న ఒక ఆర్గ్యుమెంటును 2023 నాటి 6.4 వెర్షన్‌లో తీసివేయడం వల్ల, అంతకుముందు రాసిన అసంఖ్యాక పాఠాలు ఒక్కసారిగా పాతబడ్డాయి. ఉదాహరణ కంపైల్ కాకపోతే తన తెలివిని శంకించేముందు విద్యార్థి వెర్షన్ నంబరును చూసుకోవాలి. 2022 డిసెంబరులో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి రస్ట్ అనే భాషకు కూడా కెర్నల్‌లో చోటు దొరికింది. మెమరీ తప్పుల్లో చాలావాటిని అది కంపైల్ చేసేటప్పుడే పట్టుకుంటుంది గనుక, తలుపులు లేని తోరణాలకు తలుపులు బిగించే ప్రయత్నంగా దాన్ని భావించవచ్చు.

## ఈ ఊరికి ఎందుకు

లినక్స్ కెర్నల్ మూలకోడ్ మూడు కోట్ల వరుసలు దాటితే, అందులో సగానికి పైగా డ్రైవర్లదే. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది ఈ కెర్నలే కాబట్టి, వరంగల్ వీధుల్లో జేబు జేబులోనూ వందల డ్రైవర్లు తిరుగుతున్నాయన్నమాట. దేశంలో మొదటి ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసింది ఈ ఊళ్ళోనే. 2002లో అది ఎన్‌ఐటీ అయింది. దానితోపాటు చుట్టుపక్కల కళాశాలల్లో సి భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే విద్యార్థులకు కొదవ లేదు. వారికి కావలసిన ప్రయోగశాల ఖరీదు ఒక పాత ల్యాప్‌టాప్ ఖరీదే. చదవవలసిన మూలకోడ్ ఎవరి అనుమతీ అడగకుండా తెరిచే ఉంది. అందులో ‘స్టేజింగ్’ అనే విభాగాన్ని ఇంకా మెరుగు కావలసిన డ్రైవర్ల కోసమే కేటాయించారు, కోడ్ శైలిలోని దోషాలను ఎత్తిచూపే పరీక్షక స్క్రిప్టునూ మూలకోడ్‌తోపాటే ఇస్తున్నారు. చిన్న సవరణతో మొదలుపెట్టేవారికి అది తగిన గడప.

తొలి డ్రైవర్ ఏ యంత్రాన్నీ కదిలించనక్కరలేదు. అది లోపలికి ఎక్కి, 25 బైట్లు సరిగ్గా ఇచ్చి, సున్నాతో ముగించి, ఎక్కిన మెట్లన్నీ దిగి బయటికి రావాలి. దాన్ని వందసార్లు ఎక్కించి, వందసార్లు దించి, నూటొకటోసారి డీమెసేజ్ చిట్టాను చూడాలి. మొదటిసారి ఉన్న వరుసలే అప్పుడూ ఉండి, ఒక్క ఊప్స్ కూడా లేకపోతే, ఆ విద్యార్థి రెండో డ్రైవర్ రాయడానికి అర్హుడైనట్లే.